కడుపులోని లంకలు

కార్తీకమాసంలో ఒక బడి పిల్లలు వనభోజనాలకని శాలిహుండం వెళుతుంటే వాళ్ల సైన్సు మాస్టారు నన్ను కూడా రమ్మన్నారు. శాలిహుండం శ్రీకాకుళం జిల్లాలో వంశధారకు దక్షిణపు గట్టున వున్న చిన్న కొండ. దాని మీద బౌద్ధుల కాలం నాటి స్తూపాలూ, చైత్యాలూ, విహారాల పునాదులూ వున్నవి. పైకి ఎక్కి చూస్తే కింద వంశధారా, నీళ్ల మధ్య తెల్లగా మెరిసే ఇసుక లంకలూ కనిపిస్తవి. అక్కడికి కొద్ది దూరంలోనే, కళింగపట్నం దగ్గర, ఆ నది సముద్రంలో కలుస్తుంది.

పన్నెండు గంటలకు భోజనాలన్నారు. కాని గాలికి పొయ్యి సరిగా మండక, పులిహోరకు అన్నం వుడికేసరికే ఒంటిగంట దాటింది. ఈలోగా పిల్లలు కొండ మీద తెగ పరుగులు పెట్టారు. వాళ్లలో ఏడో తరగతి చదివే ఒక అమ్మాయి వున్నట్టుండి ఆట మానేసి చెట్టు కింద కూలబడింది. ముఖమంతా చెమట. చేతులు వణుకుతున్నవి. ఏమైందని అడిగితే మాట తడబడుతున్నది.

మాస్టారు ఒక్క పరుగున వచ్చి, వంటకు తెచ్చిన బెల్లం నీళ్లలో కలిపి ఆమె చేత తాగించారు. ఆమె సంచిలో వున్న రెండు పిప్పరమెంట్లు కూడా తినిపించారు. పావుగంటలో ఆ పిల్ల లేచి కూర్చున్నది.

చుట్టూ మూగిన పిల్లలు నోళ్లు తెరిచారు.

"అదేటి మాస్టారూ! దానికి చక్కెర జబ్బు కదా. చక్కెర జబ్బున్న గుంటకి బెల్లం ఎట్టేసేరేటి?" అన్నాడు ఒక కుర్రాడు.

"మందస కోవా తెగ తినేసుంటాది. అందుకే దానికాజబ్బొచ్చింది," అన్నాడు మరొకడు, కాస్త పెద్దవాడు.

ఆ మాట ఆ అమ్మాయి చెవిన పడింది. "నాను ఎప్పుడూ అంత తిన్లేదు," అంటూ ఆమె ఏడ్చింది. కడుపులో బాధ కన్న ఈ మాట ఆమెను ఎక్కువ బాధపెట్టిందని నాకు తోచింది.

ఇద్దరు కుర్రాళ్లూ పొరపడ్డారు. అయితే వాళ్లను తప్పుపట్టటానికి లేదు. పెద్దవాళ్లలో కూడా చాలామంది ఇట్లాగే అనుకుంటారు. పిల్లలకు వచ్చే మధుమేహం మిఠాయిలు తినటం వల్ల వచ్చేది కాదు. అది ఎందుకు వస్తుందో తెలుసుకోవాలంటే ఆ అమ్మాయి తల్లి కడుపులో వున్నప్పటి నుంచీ కథ చెప్పుకురావాలి.

మన జీర్ణకోశం వెనక అడ్డంగా పడుకుని, సుమారు 15 సెంటీమీటర్ల పొడవున, క్లోమం అనే అవయవం ఒకటి వున్నది. అది రోజుకు లీటరుకు పైగా జీర్ణరసం తయారుచేసి చిన్నప్రేగులోకి పంపుతుంది. మనం తిన్న అన్నమూ, పప్పూ, నూనే అరగటానికి ఈ రసం కావాలి. క్లోమానికి వున్న పని ఇంతేనని శాస్త్రజ్ఞులు చాలాకాలం అనుకున్నారు.

1869లో బెర్లినులో పాల్ లాంగర్‌హాన్స్ అనే 21 ఏళ్ల వైద్య విద్యార్థి క్లోమాన్ని పలచని పొరలుగా కోసి సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాడు. జీర్ణరసం చేసే జీవకణాల మధ్య, అక్కడక్కడా, వాటితో పోలికలేని మరో రకం కణాలు గుంపులు గుంపులుగా కనిపించినవి. శాలిహుండం కొండ మీది నుంచి చూస్తే వంశధారలో లంకలు కనిపించినట్టే! వాటి పని ఏమిటో అతనికి అంతుపట్టలేదు. చూసింది చూసినట్టు రాసి వూరుకున్నాడు. కుందేలు క్లోమంలో ఈ గుంపులకు నరాలు దట్టంగా వస్తున్నవని మటుకు అతను గమనించాడు. 1893లో లాగెస్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు వాటికి "లాంగర్‌హాన్స్ లంకలు" అని అర్థం వచ్చే పేరు పెట్టాడు. మనిషి క్లోమంలో ఇటువంటి లంకలు సుమారు పది లక్షలు వున్నవి. అన్నిటినీ కలిపి తూచినా అవి క్లోమం బరువులో నూటికి ఒకటి రెండు పాళ్లకు మించవు.

లాంగర్‌హాన్స్ చేసిన మరొక పని గురించి కూడా చెప్పాలి. ఈ లంకలను చూడటానికి ఒక ఏడాది ముందు, 1868లో, అతను మనిషి చర్మాన్ని పరీక్షించాడు. అందులో కొమ్మలు చాచిన చెట్ల లాటి కణాలు కనిపించినవి. ఆ కొమ్మలు చూసి అతను వాటిని నరాల కణాలనుకున్నాడు. అవి నరాలు కావనీ, ఒంట్లోకి చొరబడే రోగక్రిములను పసిగట్టే కావలి కణాలనీ నిర్ధారణ కావటానికి మరో నూరేళ్లు పట్టింది. పాపం, లాంగర్‌హాన్స్ 1888లోనే, నలభై ఒకటో ఏడు నిండకుండానే, చనిపోయాడు. తాను చూసిన లంకలూ, తాను చూసిన నరాలూ, తాను నరాలని భ్రమపడిన కావలి కణాలూ – ఈ మూడూ ఒకే కథలో పాత్రలని అతనికి తెలియలేదు.

ముందు లంకల సంగతి. వీటిలో బీటా కణాలనేవి ఇన్సులిన్ అనే పదార్థాన్ని తయారుచేసి నెత్తురులోకి వదులుతవి. అన్నం తిన్నాక నెత్తురులో చేరిన చక్కెరను కండరాలు లోపలికి తీసుకోవాలన్నా, కాలేయం దాచుకోవాలన్నా ఇన్సులిన్ వుండాలి. అది లేకపోతే చక్కెర నెత్తురులోనే పేరుకుపోయి మూత్రంతో బాటు పోతుంది. ఇటువంటి రోగుల మూత్రానికి చీమలు పడతవని మన ప్రాచీన వైద్యులు కూడా గమనించి, ఆ వ్యాధికి మధుమేహమని పేరు పెట్టారు. పిల్లవాడికి మాటిమాటికీ దాహం వేస్తుంది, మాటిమాటికీ మూత్రం వస్తుంది, ఎంత తిన్నా చిక్కిపోతాడు. అట్లా కనిపిస్తే తల్లిదండ్రులు ఒక్కరోజు కూడా ఆలస్యం చెయ్యక డాక్టరు దగ్గిర నెత్తురులో చక్కెర పరీక్ష చేయించాలి. లంకల్లోనే ఆల్ఫా కణాలనేవి మరికొన్ని వున్నవి. ఇవి చేసే గ్లూకగాన్ అనే పదార్థం దీనికి సరిగ్గా ఎదురు పని చేస్తుంది. నెత్తురులో చక్కెర తగ్గినప్పుడు, దాచిన చక్కెరను బయటికి తియ్యమని అది కాలేయానికి కబురు పంపుతుంది.

1921 వేసవిలో కెనడా దేశంలోని టొరాంటో నగరంలో బాంటింగ్, బెస్ట్ అనే ఇద్దరు, కుక్కల క్లోమం నుంచి ఇన్సులిన్ తియ్యటానికి రాత్రింబవళ్లు పనిచేశారు. 1922 జనవరి 11న లెనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల కుర్రవాడికి మొదటిసారి ఆ మందు ఎక్కించారు. అది శుద్ధమైనది కాకపోవటం చేత సరిగా పనిచెయ్యలేదు. కాలిప్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు దాన్ని శుద్ధిచేశాక జనవరి 23న మళ్లీ ఎక్కించారు. చావుకు సిద్ధంగా వున్న ఆ కుర్రవాడు కోలుకుని మరో 13 ఏళ్లు బతికాడు. బాంటింగ్ పుట్టినరోజు నవంబరు 14. మనం బాలల దినోత్సవం జరుపుకునే రోజునే ప్రపంచమంతా మధుమేహ దినం జరుపుకోవటానికి కారణం అదే.

టొరాంటోలో ఆ ప్రయోగాలు సాగుతున్న రోజుల్లోనే, 1921 ఆగస్టు 8న, మన శ్రీకాకుళంలో వులిమిరి రామలింగస్వామి పుట్టాడు. విశాఖపట్నంలోని ఆంధ్ర వైద్య కళాశాలలో చదివి, ఆయన లాంగర్‌హాన్స్ చేసిన పనే, అంటే శరీరంలోని భాగాలను సూక్ష్మదర్శినితో చూసి రోగ కారణాలు చదివే విద్య, జీవితమంతా చేశాడు. ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థకు 1969 నుంచి 1979 దాకా డైరెక్టరుగా వున్నాడు. 1986లో లండను రాయల్ సొసైటీ ఆయనను ఫెలోగా ఎన్నుకున్నది. తిండిలో మాంసకృత్తులు చాలకపోతే శరీరంలో ఏ భాగం ఎట్లా పాడవుతుందో ఆయనా, ఆయన సహచరులూ కోతుల మీద పరిశోధించారు. అటువంటి లోపం వున్న పిల్లల్లో బాగా దెబ్బతినే అవయవాల్లో క్లోమం ఒకటి. జీర్ణరసం చేసే కణాలు కృశించిపోతవి. కావలి కణాలూ నీరసిస్తవి. అందుచేత చిన్న రోగం కూడా ఆ పిల్లలకు పెద్ద గండం అవుతుంది.

ఇక అసలు కథ. తల్లి కడుపులో పిండం నాలుగు వారాలది అయేటప్పటికి దాని ఆహారనాళం ఒక చిన్న గొట్టం. ఆ గొట్టానికి, చెట్టుకు చిగురు వేసినట్టు, వెనకవైపు ఒక మొగ్గా, ముందువైపు ఒక మొగ్గా బయలుదేరతవి. ముందు మొగ్గ గొట్టం చుట్టూ తిరిగి వెనక మొగ్గను చేరుతుంది. ఆరేడు వారాలకు రెండూ అతుక్కుని ఒకటవుతవి. అదే క్లోమం. ఎనిమిదో వారానికల్లా అందులో ఇన్సులిన్ చేసే కణాలు కనిపిస్తవి. లంకలు ఏర్పడేసరికి దాదాపు మూడు నెలలు నిండుతవి.

కాని ఈ మొగ్గలోంచి నరాలు పుట్టవు. కావలి కణాలూ పుట్టవు. అవి పరాయిచోటి నుంచి నడిచి రావాలి!

నరాల కణాలు పిండం వీపు నుంచి వస్తవి. వెన్నుపాము కాబోయే గొట్టం మూసుకునే చోట కొన్ని కణాలు విడివడి, శరీరమంతా ప్రయాణం చేస్తవి. వీటిలో కొన్ని చర్మానికి రంగు ఇస్తవి, కొన్ని ముఖంలో ఎముకలవుతవి, కొన్ని పేగుల్లో నరాలవుతవి. కొన్ని క్లోమాన్ని చేరుకుంటవి. కావలి కణాల్లో మొదటివి పిండానికి బయట వుండే పచ్చసొన సంచి నుంచి బయలుదేరి నెత్తురు వెంట వస్తవి. ఇవి చచ్చిన కణాలనూ, చెత్తనూ మింగి శుభ్రం చేస్తవి. ఇటువంటి మింగుడు కణాలను రష్యా శాస్త్రజ్ఞుడు మెచ్నికోవ్ 1882లో కనిపెట్టాడు. ఆయన నక్షత్రచేప పిల్లకు ముల్లు గుచ్చి, ఆ ముల్లు చుట్టూ కణాలు మూగటం చూశాడు.

ఇల్లు కట్టటం పూర్తికాకముందే తీగలు వేసేవాడూ, కాపలావాడూ వచ్చి కూర్చున్నట్టున్నది, కాదూ? ఇంకా లంకలే ఏర్పడలేదు, అక్కడ వాళ్లకేం పని?

పని వున్నది. వాళ్లు కూడా ఇల్లు కడతారు! మనుషుల పిండాల మీద ప్రయోగాలు చెయ్యరాదు గనక శాస్త్రజ్ఞులు ఎలుకల్లో చూశారు. వీపు నుంచి రావలసిన కణాలు క్లోమాన్ని చేరకుండా చేస్తే, బీటా కణాలు వుండవలసినదాని కన్న ఎక్కువ పుట్టినవి. ఇదేదో లాభమే అనుకునేరు. అవి సంఖ్యకు ఎక్కువేగాని, సరిగా ముదరలేదు. అంటే ఈ కణాలు బీటా కణాలను విచ్చలవిడిగా పెరగనివ్వక, పని నేర్పుతున్నవన్నమాట. 2013లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో, ఎదిగే ఎలుకపిల్లల్లో ఒక జాతి నరాలను తొలగించి చూశారు. లంకల్లో కణాలు తమ తమ స్థానాల్లో కుదురుకోలేదు. ఇన్సులిన్ కూడా తక్కువ వచ్చింది. ఇక కావలి కణాల సంగతి 2004లో ఫ్రాన్సు పరిశోధకులు బయటపెట్టారు. పుట్టుకతోనే మింగుడు కణాలు చాలని ఎలుకల్లో బీటా కణాలు కూడా తక్కువగా వున్నవి. ఒకరు వద్దని ఆపుతారు, ఒకరు పెరగమని ఎరువు వేస్తారు. పొలంలో నారుకు ఇద్దరూ కావాలి గదా.

వీటిని ప్రాణంతో వుండగా చూడటానికి మన తూర్పు దేశపు వాగుల్లో వుండే ఒక చారల చేప పనికివస్తున్నది. వేలెడు పొడవు కూడా వుండదు. దాని పిల్లలు గాజులాగా పారదర్శకంగా వుంటవి గనక, కోయకుండానే లోపలి కణాలు కదలటం సూక్ష్మదర్శినిలో కనిపిస్తుంది. జర్మనీలో శాస్త్రజ్ఞులు ఈ చేపపిల్లల్లో నరాలు లంకను తాకుతూ వుండటం చూశారు. ఆ నరాల పని ఆగిపోతే, బీటా కణాలు ఒకదానితో ఒకటి కలిసి పనిచేసే తీరు మారిపోయిందని 2022లో ప్రకటించారు.

నరాలూ, కావలి కణాలూ పక్కపక్కనే వుంటూ మౌనంగా కూడా వుండవు. నరం కొస నుంచి కొన్ని రసాయనాలు వూరతవి. వాటిని గుర్తుపట్టే గ్రాహకాలు కావలి కణాల మీద వున్నవి. అట్లాగే కావలి కణాలు వదిలే రసాయనాలు నరాలకు తెలుస్తవి. ఏ ముల్లో గుచ్చుకున్నచోట వాచి నొప్పిపెట్టటం ఈ సంభాషణకే ఒక గుర్తు. ఇంతకూ క్లోమంలో వాళ్లు రోజూ ఏం మాట్లాడుకుంటారు? అన్నం వాసన తగలగానే, ఇంకా ముద్ద కడుపులో పడకుండానే, ఒక నరం లంకలకు "సిద్ధంగా వుండండి" అని చెబుతుంది. ఆకలికో పరుగుకో చక్కెర తగ్గితే మరొక నరం ఆల్ఫా కణాలను తొందరపెడుతుంది. ఇవి మనకు తెలిసినవి. కావలి కణాలతో జరిగే మాటల్లో మనకు అర్థమైనవి చాలా తక్కువ.

అర్థం కానందుకే ఆ అమ్మాయి బాధ తీరలేదు. ఆమె లంకలు పుట్టినప్పుడు వాటిని పెంచిన కావలి జాతిలోనే, తరవాత పుట్టిన కొన్ని కణాలు దారితప్పి, బీటా కణాలను శత్రువులనుకుని చంపేశాయి. కొంత వంశపారంపర్యంగా వచ్చే గుణం, కొంత బయటి కారణం కలిసి ఇట్లా జరుగుతుంది. కోవాకూ దీనికీ ఏ సంబంధమూ లేదు. ఇప్పుడు ఆమెకు ఇన్సులిన్ సొంతంగా లేదు. దాన్ని నోటితో మింగితే కడుపులో అరిగిపోతుంది గనక సూదితోనే వేసుకోవాలి. వాళ్లింట్లో ఫ్రిజ్ లేదు. మందు సీసాను వాళ్ల అమ్మ మూత బిగించి, నీళ్లు తడిపిన ఇసుకలో పెట్టిన మట్టికుండలో చల్లగా దాచుతుంది. ఇది డాక్టర్లు చెప్పిన పద్ధతే.

ఆ రోజు కొండ మీద జరిగినది కూడా ఇప్పుడు తేలిక. పొద్దున వేసుకున్న ఇన్సులిన్ తన పని తాను చేస్తూ పోయింది. మధ్యాహ్నం అన్నం రాలేదు, పైగా పరుగులు. నెత్తురులో చక్కెర పడిపోయింది. మామూలు మనిషికైతే అప్పుడు ఇన్సులిన్ ఆగిపోతుంది, ఆల్ఫా కణాలు అడ్డుపడి చక్కెరను తిరిగి తెస్తవి. మొదటి రకం మధుమేహం వున్నవాళ్లలో ఈ రక్షణ మందగిస్తుంది. ఎందుకో చూద్దామని సియాటిల్ నగరంలో శాస్త్రజ్ఞులు, అటువంటి వ్యాధితో చనిపోయినవారి క్లోమాలను పరీక్షించారు. లంకల్లోకి వచ్చే ఒక జాతి నరాలు చాలామటుకు లేకుండా పోయినవని 2016లో వాళ్లు తెలిపారు. వ్యాధి మొదలైన కొత్తలోనే అవి పోతున్నవి. ఆల్ఫా కణాలను తొందరపెట్టే నరాలు అవే. అందుచేత బెల్లం ఆ పిల్లకు విషం కాదు, ఆ క్షణంలో అదే మందు. అటువంటప్పుడు తెలివి వుంటేనే తీపి నోటికి ఇవ్వాలి. తెలివి తప్పినవాళ్ల నోట్లో ఏదీ పొయ్యకూడదు, వెంటనే ఆస్పత్రికి చేర్చాలి.

భోజనాలయాక ఇదంతా పిల్లలకు నాకు చాతనైనట్టు చెప్పాను. అందరికన్న శ్రద్ధగా విన్నది ఆ అమ్మాయే. చివరకు ఆమె, "మాస్టారూ, నరాలు కావలి కణాలతో మాట్లాడతాయన్నారు కదా? నా ఇన్సులిన్ కణాల్ని సంపొద్దని ఆ నరాల సేతే సెప్పించలేరా?" అని అడిగింది.

మాస్టారూ, నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. సరిగ్గా ఈ ప్రశ్నే పెద్ద ప్రయోగశాలల్లో వేసుకుంటున్నారు. 2019లో ఫ్రాన్సులో ఎలుకల క్లోమానికి వెళ్లే నరానికి స్వల్పంగా విద్యుత్తు తగిలిస్తే, అప్పుడే మొదలైన వ్యాధి మందగించింది. 2020లో అమెరికాలో మరికొందరు, ఎలుకల క్లోమంలోని నరాల మాట కావలి కణాలకు వినపడకుండా చేస్తే వ్యాధి రాకుండా ఆగిందని చెప్పారు. ఒకరు నరాన్ని లేపారు, ఒకరు నోరు మూయించారు, ఇద్దరి ఎలుకలూ బాగుపడినవి! రెండు చోట్లా వ్యాధి తెప్పించిన పద్ధతి వేరు, నరాన్ని కదిలించిన తీరు వేరు. ఏది మనిషికి పనికివస్తుందో తేలటానికి ఇంకా చాలా పరిశోధన కావాలి. ఇదే ఆమెకు చెప్పాను.

"అయితే నాను సదువుకుని అదే సూస్తాను," అన్నది ఆమె.

కొండ దిగేటప్పుడు, కోవా మాట అన్న కుర్రాడు తన జేబులోంచి గుప్పెడు పిప్పరమెంట్లు తీసి ఆమె సంచిలో పోశాడు. ఆమె వాటిని లెక్కపెట్టుకుని, రెండు తిరిగి అతని చేతికే ఇచ్చింది.

"ఇవి నీ దగ్గరుంచు. మల్లీ నాను కూలబడితే పెట్టడానికి," అన్నది.